నష్టపరిహారం కేసుల్లో యజమాని తరఫు మహిళా న్యాయవాది: గుర్తింపు దేన్ని చూసి ఇవ్వాలి?

ఈసారి ఉగాది సన్మానాల జాబితా రాసుకుంటున్నప్పుడు మా కార్యవర్గంలో ఒక పేరు దగ్గర మాట ఆగిపోయింది. ఆమె గుడియాత్తం తెలుగు ఇంటి ఆడపడుచు. ఇరవై ఏళ్లకు పైగా న్యాయవాదిగా ఉన్నారు. పనిలో ప్రమాదం జరిగి కార్మికుడు నష్టపరిహారం కోరితే, మగ్గాల యజమాని తరఫునో బీమా కంపెనీ తరఫునో వేలూరులో హాజరవుతారు. పేరు చదవగానే ఒక సభ్యుడు లేచి, "మా బావమరిది చెయ్యి మర మగ్గంలో నలిగిపోయినప్పుడు ఎదురుగా నిలబడింది ఆమేనండి. ఆమెకే మనం శాలువా కప్పుతామా?" అన్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ అంశం వాయిదా వేశాం.

వాయిదా వేశాక మాకు అర్థమైందేమిటంటే, ఈ కేసులు ఎలా నడుస్తాయో, అందులో యజమాని తరఫు వకీలు పని ఏమిటో మాలో సగం మందికి తెలియదు. గుమాస్తాగా ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసిన అలవాటు కొద్దీ చట్టం తెచ్చుకుని, తెలిసినవారిని అడిగి, ఈ వ్యాసం రాస్తున్నాం. సన్మానం సంగతి చివర చెబుతాం. ముందు విషయం.

1923: ఒకే ఏడాది రెండు చట్టాలు

ఈ కథ 1923లో మొదలవుతుంది. ఆ ఏడాది బ్రిటిష్ ఇండియాలో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి కార్మికుల నష్టపరిహార చట్టం, 1923లో 8వ చట్టం. ఇది 1924 జులై 1 నుంచి అమలైంది. రెండోది మహిళా న్యాయవాదుల చట్టం, అదే ఏడాది 23వది. ఆడది అన్న ఒక్క కారణంతో ఎవరినీ న్యాయవాద వృత్తికి అనర్హురాలిగా చూడరాదని అది చెప్పింది.

రెండో చట్టం ఊరికే రాలేదు. కలకత్తాలో రెజీనా గుహ 1916లో వకీలుగా నమోదు చేయమని అడిగితే హైకోర్టు కాదంది. పాట్నాలో సుధాంశుబాల హజ్రాకూ అదే జరిగింది. 1921లో అలహాబాదు హైకోర్టు కొర్నీలియా సొరాబ్జీని నమోదు చేసుకున్నాక దారి కాస్త తెరుచుకుంది. 1923 చట్టం దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది.

మొదటి చట్టం చేసింది ఇంకా పెద్ద మార్పు. అంతకుముందు పనిలో చెయ్యి పోతే, యజమాని తప్పు ఉందని కూలివాడే సివిల్ కోర్టులో నిరూపించాలి. ఈ చట్టం వచ్చాక తప్పు ఎవరిదన్న ప్రశ్న వెనక్కి పోయింది. పని వల్ల, పని సమయంలో ప్రమాదం జరిగిందా అన్నదే ప్రధాన ప్రశ్న అయింది. 2010 జనవరి 18 నుంచి దీని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. 2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి రావడంతో ఇదంతా ఆ కోడ్‌లోని ఏడో అధ్యాయంలో చేరింది. ఇన్నేళ్లుగా మన ప్రాంతంలో నడిచిన కేసులు 1923 చట్టం కిందివే కాబట్టి కింద దాని లెక్కలే చెబుతున్నాం.

కేసు ఎవరి ముందు నడుస్తుంది

గుడియాత్తంలో లుంగీల మగ్గాలున్నాయి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలున్నాయి, బీడీ పని ఉంది. పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట వైపు తోళ్ల షాపులు, చెప్పుల కంపెనీలు. వీటిలో ప్రమాదాలు కొత్త కాదు. రాణిపేట సిప్‌కాట్‌లో 2015 జనవరి 31 తెల్లవారుజామున తోళ్ల మురుగునీటి శుద్ధి కేంద్రంలో తొట్టి గోడ కూలి, పక్కన నిద్రపోతున్న కార్మికులు 10 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది పశ్చిమ బెంగాల్ నుంచి పనికి వచ్చినవాళ్లు.

ఇలాంటి పరిహారం కేసు మామూలు సివిల్ కోర్టులో వేయడానికి లేదు. చట్టం కింద నియమించిన కమిషనర్ ముందే వేయాలి. మన రాష్ట్రంలో కార్మిక శాఖ అధికారి ఆ పని చేస్తారు. మనకు అది వేలూరు. గుడియాత్తంలో కోర్టులున్నా ఈ కేసుకు మాత్రం బస్సెక్కి వేలూరు పోవలసిందే.

తెలుసుకోవలసిన మరో మాట. ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలన్న నిబంధన లేదు. కార్మికుడు, లేదా అతను పోతే అతని మీద ఆధారపడ్డవాళ్లు, మామూలుగా నివసించే చోట కూడా వేయవచ్చు. బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయి పడిపోయిన గుడియాత్తం మనిషి వేలూరులో వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషనర్ మన్నించగలరు. కేసును మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అలా తేలడం అరుదు.

ఈఎస్ఐ వర్తించే కార్మికుడికి పరిహారం ఈఎస్ఐ నుంచే వస్తుంది. ఒకే గాయానికి యజమాని మీద ఈ చట్టం కింద మళ్లీ అడగడానికి వీల్లేదు. కేసు వేసే ముందు ఈఎస్ఐ కార్డు ఉందా లేదా అన్నది చూసుకోవాలి.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి ఒక దారి ఉంది. 1987 న్యాయ సేవల అధికార చట్టం ప్రకారం మహిళలకు, పరిశ్రమల కార్మికులకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. తాలూకా న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు ఇస్తే చాలు. కార్మికుడి తరఫున అతని అనుమతితో రిజిస్టర్డ్ కార్మిక సంఘం ప్రతినిధి కూడా కమిషనర్ ముందు హాజరు కావచ్చు.

లెక్క ఎలా వేస్తారు

ఈ చట్టంలో పరిహారం దయ మీద ఆధారపడదు, లెక్క మీద ఆధారపడుతుంది. నెల జీతం, వయసు, గాయం శాతం, ఈ మూడు తెలిస్తే ఎవరైనా కూడుకోవచ్చు. జీతం ఎంత ఉన్నా 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునే గరిష్ఠం నెలకు రూ.15,000. వయసును బట్టి ఒక గుణకం ఉంటుంది. 25 ఏళ్లకు 216.91, 35 ఏళ్లకు 197.06, 45 ఏళ్లకు 169.44.

కార్మికుడు చనిపోతే జీతంలో సగాన్ని గుణకంతో హెచ్చించాలి. 35 ఏళ్ల మనిషి, జీతం రూ.15,000 అనుకుందాం. 7,500ను 197.06తో హెచ్చిస్తే రూ.14,77,950. ఇక జన్మలో ఏ పనీ చేయలేని స్థితి వస్తే జీతంలో 60 శాతాన్ని హెచ్చించాలి. అప్పుడు రూ.17,73,540. ఒక అవయవం పోతే ఈ రెండో మొత్తంలో కొంత శాతం ఇస్తారు. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, అంటే రూ.5,32,062. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. అవయవం తెగకుండా నలిగిపోయి బలం తగ్గితే, సంపాదించే శక్తి ఎంత పోయిందో డాక్టరు శాతంలో రాయాలి. తగాదాలన్నీ ఎక్కువగా ఈ శాతం దగ్గరే వస్తాయి.

ఇవ్వడం ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చూడండి. నెలలోగా చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. పై మరణం కేసులో అది ఏడాదికి రూ.1,77,354. సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా వేయవచ్చు. అది రూ.7,38,975 దాకా పోతుంది.

యజమాని తరఫు వకీలు చేసే పని

ఎదురు పక్షం వకీలు అంటే డబ్బు ఎగ్గొట్టించే మనిషి అని మనలో చాలామంది అనుకుంటారు. అలాంటివారు లేరని మేము అనం. కానీ చట్టం ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఇచ్చిన పని అది కాదు.

ప్రమాదం జరగగానే చిన్న యజమాని మొదట భయపడతాడు. నాలుగు మగ్గాలు పెట్టుకున్నవాడికి పధ్నాలుగు లక్షలంటే ఇల్లు అమ్ముకోవలసిన మాట. ఆ భయంలో "వాడు మా దగ్గర పనిచేయలేదు" అంటాడు, లేదా ఇంటికి పోయి భార్య చేతిలో యాభై వేలు పెట్టి తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. రెండూ అతన్ని కాపాడవు. మరణం కేసులో పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. నేరుగా కుటుంబానికి ఇచ్చింది పరిహారం చెల్లింపుగా చెల్లదు. మూడు నెలల జీతం దాకా ఇచ్చిన అడ్వాన్సుకు మాత్రమే మినహాయింపు ఉంది. హక్కు వదులుకున్నానని కార్మికుడు రాసిచ్చిన కాగితం కూడా చెల్లదు.

యజమానిని ఆ పనుల నుంచి ఆపవలసింది అతని వకీలే. మొత్తం బాధ్యత ఒప్పుకోకపోయినా, ఒప్పుకున్నంత మేరకు ముందే కట్టి తీరాలని చట్టం చెబుతుంది. ఆ మాట అతని చెవిలో వేసి డిపాజిట్ కట్టించేది ఆమె. బీమా పాలసీ ఉంటే బయటికి తీయించేది ఆమె. హాజరు పుస్తకం, జీతాల పుస్తకం తెప్పించి నిజమైన జీతం ఎంతో తేల్చేదీ ఆమే.

తర్వాత వాదించవలసినవి నిజంగా వాదిస్తుంది. గాయం పని వల్లనే వచ్చిందా? డాక్టరు రాసిన శాతం సరైనదేనా? అది ఈఎస్ఐ కేసు కాదా? తాగి పనిచేయడం, కావాలని రక్షణ కవచం తీసేయడం వంటి కారణాలను యజమాని చూపవచ్చు. కానీ చావు గానీ పూర్తి శాశ్వత వైకల్యం గానీ జరిగితే అవి పనికిరావు. ఇది తెలిసిన వకీలు చనిపోయినవాడి భార్యను "మీ ఆయన తాగేవాడా?" అని నలుగురిలో అడగదు. తెలియని వకీలో, తెలిసీ ఏడిపించాలనుకున్న వకీలో అడుగుతారు. మంచి వకీలుకూ చెడ్డ వకీలుకూ తేడా ఇలాంటి చోట కనపడుతుంది.

సుప్రీంకోర్టు గీసిన హద్దులు

రెండు పక్షాల వకీళ్లూ తప్పక చదివే తీర్పులు కొన్ని ఉన్నాయి.

ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు 1976 నాటి తీర్పుల సంపుటాల్లో ఉంది. ఒరిస్సాలో సినిమా హాలులో పనిచేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైకి తీసేశారు. యజమాని అది పాక్షిక వైకల్యమే అన్నాడు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు గనుక అతని మట్టుకు అది పూర్తి వైకల్యమేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పరిహారం ప్రమాదం జరిగిన నాడే బాకీ పడుతుందని కూడా చెప్పింది.

1969లో మెకినన్ మెకంజీ కేసులో తీర్పు యజమాని వైపు వచ్చింది. ఓడలోంచి మాయమైన నావికుడి చావు పని వల్లనే జరిగిందని చూపే ఆధారం ఉండాలని, ఆ భారం అడిగేవారిదేనని కోర్టు అంది. యజమాని తరఫు వకీళ్లకు ఈనాటికీ ఇది ఆధారం.

1997లో వేద్ ప్రకాశ్ గర్గ్ కేసు బాధ్యతను రెండుగా పంచింది. పరిహారం, దాని మీద వడ్డీ బీమా కంపెనీ ఇవ్వాలి. ఆలస్యానికి వేసిన జరిమానా మాత్రం యజమాని జేబులోంచే పోవాలి. అందుకే బీమా ఉందని నిద్రపోవద్దని మంచి వకీలు యజమానిని హెచ్చరిస్తుంది.

తాజాగా 2025 జులై 29న దైవశాల కేసులో తీర్పు వచ్చింది. మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీ కావలివాడు 2003లో తెల్లవారుజాము మూడు గంటల డ్యూటీకి మోటారు సైకిల్ మీద పోతూ, ఫ్యాక్టరీకి ఐదు కిలోమీటర్ల దూరంలో ప్రమాదంలో చనిపోయాడు. కమిషనర్ రూ.3,26,140 ఇమ్మన్నారు. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. పనికి పోయే దారిలో జరిగిన ప్రమాదానికి, పనికి ఉన్న సంబంధం రుజువైతే అది కూడా పనిలో ప్రమాదమేనని చెప్పింది. చట్టానికి మంచి అర్థం దొరికింది నిజమే. కానీ ఆ కుటుంబం ఆఖరి మాట వినడానికి 22 ఏళ్లు పట్టింది.

ఆ 22 ఏళ్లను తగ్గించగలిగినవారు ముగ్గురే. తొందరగా వినే కమిషనర్, కాగితాలు సరిగ్గా పెట్టే కార్మికుడి వకీలు, ఓడిపోయే వాదాన్ని సాగదీయని యజమాని వకీలు.

పక్క ఊరి నుంచి సుప్రీంకోర్టుకు

మహిళలు ఈ వృత్తిలో పైకి రావడం అంటే మన తెలుగువారికి మొదట గుర్తొచ్చేది రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె మద్రాసులో లా చదివి, అక్కడి హైకోర్టులో ప్రాక్టీసు చేసి, రాజ్యాంగ సభలో కూర్చున్న 15 మంది మహిళల్లో ఒకరయ్యారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కె. అమరేశ్వరి 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. సుప్రీంకోర్టుకు తొలి మహిళ 1989లో వచ్చిన ఫాతిమా బీవి. తర్వాత ఆమె మన తమిళనాడుకు గవర్నరుగా కూడా వచ్చారు. కార్మిక చట్టంలో పేరున్న మద్రాసు హైకోర్టు సీనియర్ న్యాయవాది ఆర్. వైగైని ఈ రోజుల్లో చాలామంది ఎరుగుదురు. ఆమె వాదించేది కార్మికుల వైపు.

మన విషయానికి అందరికన్నా దగ్గరివారు న్యాయమూర్తి ఆర్. బానుమతి. ఆమె 1981లో న్యాయవాదిగా చేరి తిరుపత్తూరు, కృష్ణగిరి, హరూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేశారు. తిరుపత్తూరు అప్పట్లో మన ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది, తర్వాత వేలూరు జిల్లాలో ఉండి, 2019లో వేరే జిల్లా అయింది. అంటే ఆమె మొదలైంది పెద్ద కోర్టులో కాదు, మన తాలూకా కోర్టుల్లో. 1988లో నేరుగా జిల్లా జడ్జిగా ఎంపికయ్యారు. 2003లో మద్రాసు హైకోర్టుకు, 2013లో జార్ఖండ్ ప్రధాన న్యాయమూర్తిగా, 2014 ఆగస్టులో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2019లో కొలీజియంలో చోటు దక్కింది. అంతకుముందు 13 ఏళ్లుగా అందులో మహిళ లేరు.

2020 జులైలో పదవీ విరమణ వీడ్కోలు సభలో ఆమె చెప్పిన సంగతి మేము మరిచిపోలేదు. తనకు రెండేళ్ల వయసులో తండ్రి బస్సు ప్రమాదంలో పోయారు. తల్లి పరిహారం కోసం దావా వేశారు. కోర్టు డిక్రీ ఇచ్చింది. కానీ చిక్కుముడి పద్ధతుల వల్ల, దారి చూపే మనిషి లేక, ఆ డబ్బు చేతికి రాలేదు. విధవరాలైన తల్లి, తాను, ఇద్దరు అక్కచెల్లెళ్లు కోర్టు ఆలస్యానికి బాధితులమేనని ఆమె చెప్పారు.

అది మోటారు ప్రమాదం, పనిలో ప్రమాదం కాదు. కానీ దెబ్బ తగిలిన చోటు ఒకటే. తీర్పు గెలిచినా డబ్బు రాకపోతే ఆ ఇంటికి ఒరిగేది ఏమీ లేదు. అందుకే పరిహారం కేసులో వకీలు గొప్పతనం గెలుపు ఓటములతో తూచేది కాదని మాకు తోచింది.

అధికారిక గుర్తింపు ఎలా వస్తుంది

మన దేశంలో న్యాయవాదికి అధికారికంగా దొరికే పెద్ద గౌరవం సీనియర్ న్యాయవాది హోదా. 1961 న్యాయవాదుల చట్టం 16వ సెక్షన్ కింద హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ ఇస్తుంది. సుప్రీంకోర్టు ఈ హోదా ఇచ్చిన తొలి మహిళ లీలా సేఠ్, 1977లో. 2017లో ఇందిరా జైసింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు దీనికి 100 మార్కుల పద్ధతి పెట్టింది. అందులో పెద్ద వాటా వాదించిన కేసుల తీర్పులకే. 2025 మేలో ఆ మార్కుల పద్ధతిని కోర్టే తీసేసింది. జిల్లా కోర్టుల్లో, ప్రత్యేక ట్రిబ్యునళ్లలో పనిచేసే న్యాయవాదులు ఎవరికీ తక్కువ కాదని, వారిని కూడా పరిగణనలోకి తీసుకోవాలని ఆ తీర్పులోనే చెప్పింది.

ఇది మనకు ముఖ్యమైన మాట. కమిషనర్ ముందు నడిచే కేసు తీర్పుల పుస్తకాల్లోకి ఎక్కదు. రాజీ అయిన కేసు అసలే ఎక్కదు. యజమాని చేత మొదటి నెలలోనే డబ్బు కట్టించిన వకీలు దగ్గర చూపించుకోవడానికి తీర్పే ఉండదు. ఆమె పని ఎంత బాగుంటే ఆమె పేరు అంత తక్కువ కనపడుతుంది.

అమెరికాలో ఈ పరిహార చట్టం ఒక ప్రత్యేక వృత్తిగా ఎదిగింది. కాలిఫోర్నియా, టెక్సాస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో ఇందులో ప్రత్యేక నిపుణులని పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. కార్మికుల వైపు వాదించేవారైనా, యజమానుల వైపు వాదించేవారైనా తీసుకోవచ్చు. మన దగ్గర అలాంటిది లేదు. అందుకని ఊరి సంఘం ఇచ్చే శాలువా చిన్నదే అయినా, దాన్ని ఆలోచించి ఇవ్వాలి.

మా సంఘంలో జరిగింది

వాయిదా వేసిన అంశానికి వస్తాం. అభ్యంతరం చెప్పిన సభ్యుణ్ణి వాళ్ల బావమరిది కేసు ఆర్డరు కాపీ తెమ్మని అడిగాం. తెచ్చారు. తమిళంలో ఉన్న ఆ ఆర్డరును ముందు పేజీ నుంచి చివరి పేజీ దాకా సంఘం గదిలో కూర్చుని ఇద్దరం చదివాం.

ప్రమాదం జరిగిన కొత్తలో యజమాని "మా కార్మికుడు కాదు" అని జవాబిచ్చాడు. ఈ న్యాయవాది వచ్చాక వేసిన కౌంటరులో ఆ మాట లేదు. పనిచేసింది నిజం, ప్రమాదం నిజం, జీతం ఇంత అని ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మేరకు డబ్బు విచారణకు ముందే డిపాజిట్ అయింది. ఆమె వాదించింది శాతం ఒక్కటే. వీళ్లు 40 అన్నారు, ఆర్డరులో 30 దగ్గర తేలింది.

కాగితం మడిచి పెడుతూ ఆయన, "డబ్బు తొందరగా వచ్చిన మాట నిజమేనండి. కానీ ఆ పది శాతం కూడా మావాడిదే కదా" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. రెండు మాటలూ నిజమే. డాక్టరును ప్రశ్నించడం ఆమె వృత్తి. ఆ పది శాతం అతని ఇంట్లో బియ్యం డబ్బు.

అందుకని ఈ ఏడాది కార్యవర్గం పేరు కన్నా ముందు కొలతలు రాసుకుంది. పరిహార చట్టంలో పనిచేసే మన మహిళా న్యాయవాదిని, ఏ పక్షం వారైనా, ఈ కింది నాలుగింటిని చూసి ఎంచాలని తీర్మానించాం.

ఒకటి, నిజమైన ఉద్యోగ సంబంధాన్ని, నిజమైన జీతాన్ని దాచమని కక్షిదారుకు ఎన్నడూ సలహా ఇవ్వకపోవడం. రెండు, ఒప్పుకున్న డబ్బును సకాలంలో డిపాజిట్ చేయించడం, లేదా కార్మికుడి వకీలైతే వచ్చిన డబ్బు పూర్తిగా కార్మికుడి చేతికే చేరేలా చూడడం. మూడు, గాయపడ్డవారితో, విధవరాళ్లతో విచారణలో మర్యాదగా మాట్లాడడం. నాలుగు, తన దగ్గర పని నేర్చుకునే చిన్న వకీళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, చోటివ్వడం.

ఎంపిక కమిటీలో ముగ్గురుంటారు. అందులో ఒకరుగా అభ్యంతరం చెప్పిన ఆ సభ్యుణ్ణే ఉండమని మేము ప్రతిపాదించాం. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. "పేరు మీరు చెప్పండి, ఆర్డరు కాపీలు మాత్రం నేను చదువుతా" అన్నారు. అంతకన్నా మంచి షరతు మాకు తోచలేదు.

వేలూరు, గుడియాత్తం, పేర్ణాంబట్టు, ఆంబూరు ప్రాంతాల మన సభ్యులను కోరేది ఒకటే. మీకు తెలిసిన న్యాయవాది పేరు చెప్పేటప్పుడు ఆమె ఎన్ని కేసులు గెలిచిందో రాయకండి. ఆమె ఎదుట నిలబడ్డ కుటుంబం ఆమె గురించి ఏమంటుందో కనుక్కుని, అది రాయండి.